మూసీకి రెండు మ్యాపులు

ఇకమీదట మూసీ నది చెప్పాపెట్టకుండా పొంగడానికి వీల్లేదని హనుమాండ్లు గారు ఎల్బీనగర్‌లో విలేకరుల సమావేశం పెట్టి ప్రకటించారు.

"పొంగొద్దు అంటలేను. పొంగనీ. గని ముందుగాల మాకు తెల్వాలె," అన్నారాయన. కార్యకర్తలు చప్పట్లు కొట్టారు. ఒక విలేకరి కూడా పొరపాటున కొట్టాడు.

ఆ సమావేశంలో ఆయన వెనక కట్టిన ఫ్లెక్సీ నేను కొట్టిందే. నా పేరు నరేష్‌కుమార్. మా పెద్దలు పోచంపల్లిలో మగ్గం నేశారు, నేను దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్టేషన్ పక్క సందులో ప్రింటింగ్ షాపు నడుపుతున్నాను. నేను ఏ పార్టీవాణ్ణీ కాను. అన్ని పార్టీల ఫ్లెక్సీలూ కొడతాను. కాబట్టి నేను హనుమాండ్లు గారిని పొగిడానంటే అందులో పక్షపాతం లేదని, ఆయన అందుకు తగినవారేనని పాఠకులు నమ్మాలి.

ఆయన ఇరవై రెండేళ్లు పార్టీ జెండా మోశారు. మూడుసార్లు కార్పొరేటర్ టికెట్ అడిగారు. మూడుసార్లూ పార్టీ పెద్దలు "మీ సేవలు మరచిపోం" అన్నారు. నాలుగోసారి అడిగేలోపు పైవాళ్లు 'తూర్పు హైదరాబాద్ ముందస్తు వరద మండలి' అని ఒకదాన్ని పుట్టించి ఆయన్ని చైర్మన్ని చేశారు. ఆర్డరు చేతికొచ్చిన రోజు ఆయన నేరుగా మా షాపుకే వచ్చారు. ముందు కంగ్రాచులేషన్స్ ఫ్లెక్సీ చెప్పి, తర్వాత కాగితం తీసి నాకు చూపించారు.

"నరేషూ, ముందస్తు అంటే ఎలక్షనే గద? వరదకు గూడ పెట్టిన్రా?"

తెలియనిది అడిగి తెలుసుకునే గుణం నాయకుల్లో అరుదు. నాకు ఆయనమీద గౌరవం పెరిగింది.

మండలికి ఎల్బీనగర్‌లో ఒక అపార్ట్‌మెంటు మూడో అంతస్తులో ఆఫీసు ఇచ్చారు. సాయినాథ్ అనే పీఏని, జ్యోతిక అనే ఇంజినీరుని ఇచ్చారు. జ్యోతికది మన్సూరాబాద్. వాళ్ల నాన్న నల్లగొండ దగ్గరి పల్లె నుంచి వచ్చి లారీ నడిపి ఈ పిల్లని నదుల మీద ఎంటెక్ చదివించాడు. ఆ అమ్మాయి రెండు ఎండాకాలాలు రబ్బరు బూట్లు వేసుకుని మూసారాంబాగ్ నుంచి నాగోల్ దాకా మూసీ వెంట నడిచింది. నది ఎక్కడ ఎంత లోతు, ఎక్కడ ఎంత వెడల్పు, ఎక్కడ మట్టిపోసి ఇరుకు చేశారు, అన్నీ గీతల కర్ర పాతి కొలిచింది. ఆ కొలతలన్నీ కంప్యూటర్‌కి ఇచ్చింది. పైన ఇంత వాన పడి, జలాశయాల గేట్లు ఇన్ని ఎత్తితే, ఏ గంటకి ఏ సందులో ఎన్ని అడుగుల నీళ్లు నిలుస్తాయో అది చెబుతుంది.

"దీన్ని మోడల్ అంటరు సార్," అంది జ్యోతిక.

సాయినాథ్ జుట్టు సర్దుకుని ముందుకి జరిగి కూర్చున్నాడు.

"నది మోడల్," అంది జ్యోతిక.

సాయినాథ్ వెనక్కి వాలాడు.

మ్యాపు ఎంత సైజులో కొట్టాలో చూసుకోవడానికి నన్నూ పిలిచారు కాబట్టి ఆ రోజు నేనక్కడే ఉన్నాను. గోడమీద తెర వెలిగింది. సన్నటి నీలి గీతలా మూసీ కనిపించింది. జ్యోతిక ఏదో నొక్కగానే గీత లావెక్కింది. ఒడ్డు దాటి సందుల్లోకి పాకింది. నీళ్లు నిలిచిన చోటల్లా ఎరుపు పడింది. హనుమాండ్లు గారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు.

"అబ్బ! ఇంకోపారి పొంగియ్యమ్మా."

జ్యోతిక పొంగించింది.

"ఈపారి వాన జర ఎక్కువెయ్యి."

ఎక్కువేసింది. ఆయన చిన్నపిల్లాడిలా నవ్వారు. అంతటి హోదాలో ఉండి అంత నిష్కల్మషంగా నవ్వడం నేనెక్కడా చూడలేదు. నాలుగోసారి పొంగించినప్పుడు ఆ నవ్వు ఆగింది.

"గీడ ఎర్రగున్నదేంది?"

"నాగోల్ సార్. ఒడ్డు మీద ఒక ఫంక్షన్ హాల్. ఐదున్నర అడుగులొస్తయ్."

"గంత ఒడ్డు మీద ఎవలు కట్టిన్రు? బుద్ధి ఉండాలె."

సాయినాథ్ తెర దగ్గరికి వెళ్లి చూసి వచ్చి, ఆయన చెవిలో చెప్పాడు. "మనదే సార్."

హనుమాండ్లు గారు మళ్లీ కుర్చీలో కూర్చున్నారు.

"మోడల్‌ల ఏదో తప్పున్నట్టుందమ్మా," అన్నారు హనుమాండ్లు గారు ఎంతో మృదువుగా.

"కొలిచిన సార్. రెండుపార్లు."

"మాఘమాసం దాక లగ్గాలు బుక్కయి ఉన్నయ్."

"నీళ్లకు తెల్వదు గద సార్."

"తెల్వనోళ్లకు చెప్పాలె. గందుకే గద నువ్వు ఇంజినీర్‌వి."

ఫంక్షన్ హాలు ఆ సాయంత్రమే ఎరుపులోంచి తెలుపులోకి వచ్చేసింది. ఒక్క సంతకంతో ఐదున్నర అడుగుల నీళ్లు తోడేసిన నాయకుణ్ణి నేను చూడడం అదే మొదలు.

మ్యాపు సంగతి కాలనీలకి పాకింది. ముందుగా వచ్చినవారు వెంకట్రావు గారు. ఆయనది కృష్ణాజిల్లా. నాగోల్‌లో 'గౌతమీ రివర్ వ్యూ' అనే అపార్ట్‌మెంట్ల సంఘానికి అధ్యక్షులు. శాలువా తెచ్చారు.

"మమ్మల్ని ఎర్రరంగులో వేశారటండీ. ఇట్లా అయితే మా ఫ్లాట్లు ఎవరైనా కొంటారా?"

"మీ బిల్డింగ్ పేరే రివర్ వ్యూ గద?"

"వ్యూ ఉందండి. రివర్‌తో మాకేం సంబంధం లేదు."

హనుమాండ్లు గారు ఆ వాదనలోని బలాన్ని వెంటనే గుర్తించారు. శాలువా కప్పించుకుని రివర్ వ్యూని కూడా తెలుపు చేశారు. ఆ వారంలో ఒడ్డు మీది మిగతా కాలనీలన్నీ శాలువాలతో వచ్చి తెలుపయ్యాయి.

ఆఖరి బృందం మన్సూరాబాద్ నుంచి వచ్చింది. అది గుట్టమీది కాలనీ. సంఘం కార్యదర్శి మురళీకృష్ణ కోపంగా ఉన్నాడు.

"రెడ్ జోన్‌ల ఉన్నోళ్లకు కొత్త రోడ్డంట, వాన నీళ్లకు పెద్ద మోరీ అంట, జనరేటర్ అంట, పడవలంట. మేమేం పాపం చేసినమన్నా? మమ్ముల గూడ రెడ్‌ల ఎయ్యి."

"మీరు గుట్ట మీద ఉన్నరు గదా తమ్మీ."

"నల్లా నీళ్లే సక్కగ ఎక్కుతలేవన్నా మా దిక్కు. వరదన్నా ఇప్పియ్యి."

హనుమాండ్లు గారి కళ్లు చెమ్మగిల్లాయి. ఓట్ల లెక్కన కూడా అది పెద్ద కాలనీ. ఆయన జ్యోతికని పిలిచారు.

"సార్, మా ఇల్లు గూడ ఆడనే. గుట్ట మీదికి నీళ్లెట్ల ఎక్కుతయ్?"

"ఎందుకెక్కవు? లిఫ్ట్ ఇరిగేషన్‌ల ఎక్కుతలేవా?"

ఆ ప్రశ్నకి ఎంటెక్‌లో జవాబు నేర్పినట్టు లేదు. జ్యోతిక వెళ్లి కంప్యూటర్ ముందు కూర్చుంది.

మన్సూరాబాద్ ఎర్రబడింది. అయితే ఒక చిక్కొచ్చింది. రెడ్ జోన్ మొత్తం మ్యాపులో పన్నెండు శాతం దాటకూడదని పైనుంచి రూలుంది. కాలనీ పెద్దది కావడంతో దాటింది. ఎక్కడో ఒకచోట కొయ్యాలి. సాయినాథ్ మ్యాపు మీద వేలు పెట్టి వెతికి, ఎవరూ శాలువా తేని చోటు ఒకటి కనిపెట్టాడు. అది మూసారాంబాగ్ బ్రిడ్జి కింద, మూసీని ఆనుకుని ఉన్న బస్తీ. దాన్ని తెలుపు చేశారు.

మర్నాడే ఆ బస్తీ నుంచి పెంటమ్మ వచ్చింది. అరవై ఏళ్లుంటాయి. నది పక్కన తోటకూర, పాలకూర పండించి దిల్‌సుఖ్‌నగర్‌లో అమ్ముతుంది. జ్యోతిక కొలతలు తీసేటప్పుడు రెండో కర్ర పట్టుకున్నది ఆమేనట. లోపలికి వస్తూనే అడిగింది.

"సారూ, మమ్ముల ఎర్రదాంట్లకెళ్లి ఎందుకు తీసేసిన్రు? ఏటా మా గుడిసెలల్లకే గద నీళ్లొచ్చేది?"

"ఇట్ల కూసో అవ్వా. చాయ్ తాగు." హనుమాండ్లు గారు స్వయంగా కప్పు అందించారు. "చూడు. నిన్నటిదాక నువ్వు ప్రమాదంల ఉన్నవ్. పొద్దుగాల సంతకం పెట్టిన. ఇప్పుడు లేవు. సంబురపడాలె గని గట్ల పరేషాన్ అయితవేంది?"

పెంటమ్మ చాయ్ మొత్తం తాగి, కప్పు బల్లమీద పెట్టింది.

"నది కాడ సంతకం పెడ్తే బాగుండు సారూ," అని వెళ్లిపోయింది. ఇంతటి మేలు పొంది కూడా థాంక్స్ చెప్పలేదు.

ఆ సాయంత్రం జ్యోతిక పెన్‌డ్రైవ్ పట్టుకుని మా షాపుకి వచ్చింది. సవరించిన మ్యాపు రెండువేల కాపీలు కొట్టాలి. పైన ముఖ్యమైన నాయకుల ఫొటోలు, కుడిపక్క నిలువెత్తు హనుమాండ్లు గారు, మిగిలిన చోట మూసీ. నేను రంగులు సరిచూస్తుంటే మెల్లగా అంది.

"అన్నా, గీ ఎరుపు జర పలచగ కొట్టరాదే."

"ఎందుకమ్మా?"

"సిగ్గయితుంది."

కాసేపటికి మళ్లీ అంది. "సైజు చూడనీకె ఇచ్చిన మొదటి మ్యాపు ఫైల్ నీ కంప్యూటర్ల ఉంది గద. డిలీట్ చెయ్యమన్నరు."

"చెయ్యనా మరి?"

"చెయ్యమన్నరని చెప్తున్న. చెయ్యమంటలేను."

ఆమె కళ్లలో నీళ్లున్నాయో, మా ట్యూబ్‌లైటు అలా చేసిందో నాకు తెలియదు. వ్యాపారంలో ఉన్నవాణ్ణి. ఫైలు పేరు మార్చి, పెళ్లికార్డుల ఫోల్డర్‌లో పెట్టాను.

ఆగస్టులో మన్సూరాబాద్‌లో మాక్ డ్రిల్ జరిగింది. నాలుగు పడవలు డీసీఎం వ్యానులో వచ్చాయి. ఎండ కాస్తోంది. పడవని నడిరోడ్డు మీద దింపి, చైర్మన్ గారిని అందులో కూర్చోబెట్టి, ఎనిమిదిమంది కార్యకర్తలు మోశారు. కుర్తా మీద లైఫ్ జాకెట్, లైఫ్ జాకెట్ మీద గజమాల. ఇస్త్రీబండి దగ్గర పడవ కొంచెం వంగినప్పుడు ఆయన ఏమాత్రం తొణక్కుండా జనానికి చెయ్యి ఊపారు.

తర్వాత మూడో అంతస్తులో ఉన్న ఈరమ్మ అనే ముసలామెని తాడు కట్టి దింపే కార్యక్రమం. ఆమె తాడుని, కార్యకర్తలని మార్చి మార్చి చూసింది.

"మెట్లున్నయ్ గదా నాయనా?"

"వరదల మెట్లు మునుగుతయ్ అవ్వా."

"మరి మీరెట్ల పైకొచ్చిన్రు?"

"మెట్ల మీదికెళ్లి."

ఈరమ్మ తాడు కట్టించుకుంది. దిగాక పెరుగన్నం పొట్లం ఇచ్చారు. ఆ ఫొటో పేపర్లో వచ్చింది. అదే రోజు చైర్మన్ గారు ఒక కఠినమైన ఉత్తర్వు కూడా ఇచ్చారు. రెడ్ జోన్‌లో పెట్టిన పడవలు తన రాతపూర్వక అనుమతి లేకుండా ఒక్క అడుగు కూడా కదలకూడదు. క్రమశిక్షణ అంటే అది.

సెప్టెంబరులో ఐదు రోజులు ఆగకుండా వాన పడింది. ఆరో రోజు పొద్దున పదిగంటలకి పైన జలాశయాల గేట్లు ఎత్తారని టీవీలో చెప్పారు. పదిన్నరకి జ్యోతిక తడిసిపోయి మా షాపు మెట్లెక్కింది.

"అన్నా, మొదటిది ఉందా?"

"ఉంది. సారుకు చెప్పినవా?"

"చెప్పిన. మూడింటికి మూసారాంబాగ్ కాడికి, నాలుగున్నరకు నాగోల్‌కు నీళ్లొస్తయన్న. మన మ్యాపుల ఏముందమ్మా అన్నడు. మ్యాపుల లేదన్న. మరి గంతే అన్నడు." ముఖం తుడుచుకుంది. "పెద్దగ కొట్టన్నా. దూరంకెళ్లి కనపడాలె."

కొట్టాను. నాకూ అటే పనుంది. తెలుపులో ఉంది కాబట్టి నాగోల్ ఫంక్షన్ హాల్లో పునరావాస కేంద్రం పెడుతున్నారు, దాని ఫ్లెక్సీ నేనే కట్టాలి. జ్యోతికని బండి వెనక ఎక్కించుకుని మూసారాంబాగ్ బస్తీ దగ్గర ఆపాను. పెంటమ్మ గుడిసె ముందు తోటకూర కట్టలు కడుతోంది. జ్యోతిక మ్యాపుని గోడకి ఆనించి పట్టుకుంది.

"గీ ఎర్రది మేమేనా బిడ్డా?"

"మీరే పెద్దమ్మా."

"ఎంత లోతు?"

"ఆరడుగులు."

"ఎన్ని గంటలకు?"

"మూడింటికి."

పెంటమ్మ తోటకూర కట్టని అక్కడే వదిలేసి, స్టీలు తాంబాళం, గరిటె తీసుకుని వాయించుకుంటూ సందులోకి నడిచింది. "లెవ్వుండ్రి! కర్ర పట్టి కొలిచింది నేనే. అబద్ధం గాదు. లెవ్వుండ్రి!" కొందరు నమ్మలేదు. మనం తెలుపులో ఉన్నాం కదా అన్నారు. ఆమె వాళ్ల టీవీలు ఎత్తి తలమీద పెట్టుకుంది. టీవీ వెనకాల వాళ్లూ నడిచారు. ఆమె అల్లుడు మట్టయ్య జేసీబీ డ్రైవరు. నడవలేనివాళ్లని బకెట్‌లో కూర్చోబెట్టి ఎత్తు మీదున్న బడికి చేర్చాడు. జ్యోతిక వానలో నిలబడి పేర్లు రాసుకుంటూ, మధ్యలో వెంకట్రావు గారికి ఫోన్ చేసింది. స్పీకరు పెట్టింది కాబట్టి నేనూ విన్నాను.

"మేం తెలుపులో ఉన్నామండీ. చైర్మన్ గారే చేశారు," అన్నారాయన గంభీరంగా. ఒక్క క్షణం ఆగి, గొంతు తగ్గించి, "కార్లు ఎక్కడ పెట్టుకోమంటారమ్మా?" అన్నారు.

నేను నాగోల్ చేరేసరికి మూడయింది. హాలు చూస్తే కడుపు నిండింది. వరసగా పరుపులు, గంగాళంలో ఉప్మా, స్టేజీ మీద పెళ్లివాళ్ల ఎర్ర మఖమల్ కుర్చీలు రెండు. హనుమాండ్లు గారు, కార్యకర్తలు, నలుగురు విలేకరులు ఉన్నారు. వరద బాధితులు మాత్రం ఒక్కరూ లేరు.

"ప్రజలకు ఇంకా అవగాహన రాలేదు," అన్నారాయన బాధగా. బిల్లు తీసుకుని నాలుగున్నరలోపే బయటపడదామని నేను గబగబా స్టేజీ వెనక ఫ్లెక్సీ కట్టాను. ఆయన దాని ముందు నిలబడి ప్రసంగం మొదలుపెట్టారు. నాలుగున్నరకి, జ్యోతిక చెప్పిన నిమిషానికి, గుమ్మం కింది నుంచి నీళ్లు లోపలికొచ్చాయి.

"సార్, నీళ్లు," అన్నాడొక విలేకరి.

"అవి వరద నీళ్లు గావు. ఇది వైట్ జోన్."

"మరేం నీళ్లు సార్?"

"వాన నీళ్లు. నిలవడ్డయ్."

"కదులుతున్నాయి సార్."

"కొత్తగొచ్చినయ్ గద. జాగ చూసుకుంటున్నయ్."

పరుపులు లేచి తేలడం మొదలుపెట్టాయి. ఉప్మా గంగాళం నెమ్మదిగా తిరుగుతూ ద్వారం వైపు బయల్దేరింది. అందరం స్టేజీ ఎక్కాం. స్టేజీ కూడా మునుగుతుంటే హనుమాండ్లు గారు పెళ్లికొడుకు కుర్చీ మీదికెక్కి సాయినాథ్‌కి ఫోన్ చేశారు. సాయినాథ్ నాలుగు పడవలతో మన్సూరాబాద్ గుట్టమీద కాపలా ఉన్నాడు.

"పడవ తోలురా జల్ది!"

"సార్, మీ సంతకం లేంది కదపొద్దని ఆర్డర్ ఉంది సార్."

"నేనే మాట్లాడుతున్నరా!"

"మాట గాదు సార్. రాతపూర్వకంగ అని మీరే రాసిన్రు."

చైర్మన్ గారికి కోపం రాలేదు. తన ఉత్తర్వు ఇంత కచ్చితంగా అమలవుతోందని ఆయన ముఖంలో ఒక క్షణం తృప్తి కూడా కనిపించింది. ఒక విలేకరి నోట్‌బుక్‌లో కాగితం చింపి ఇచ్చాడు. సంతకం చేసి, ఫొటో తీసి పంపారు. పడవలు డీసీఎం ఎక్కాయి. వాన ట్రాఫిక్‌లో నాగోల్ చౌరస్తా దగ్గర ఆగిపోయాయి.

నీళ్లు నా నడుము దాటాయి. అంతవరకూ నవ్వుకున్న విలేకరులు కూడా దేవుళ్లని తలుచుకుంటున్నారు. హనుమాండ్లు గారు హఠాత్తుగా నా భుజం గట్టిగా పట్టుకున్నారు.

"నరేషూ, నాకు ఈత రాదురా."

ఆ ఒక్కమాట ఆయన ఏ మైకూ లేకుండా అన్నారు. నాకు జాలేసింది. "నన్ను పట్టుకోండి సార్," అన్నాను. నాకూ రాదని చెప్పలేదు.

అప్పుడు బయట ఇంజిను చప్పుడు వినిపించింది. మట్టయ్య జేసీబీ హాలు గోడపక్కకి వచ్చింది. డ్రైవరు పక్కన తలుపు పట్టుకుని వేలాడుతూ జ్యోతిక ఉంది. మట్టయ్య అద్దాలు పగలగొట్టి కిటికీలోంచి బకెట్ లోపలికి చాపాడు. ముందు చైర్మన్ గారిని, తర్వాత ఉప్మా వండిన ఇద్దరు ఆడవాళ్లని, విలేకరులని, విడతలుగా కార్యకర్తలని, చివర్లో నన్ను ఎక్కించారు. పైకి లేచాక హనుమాండ్లు గారికి ప్రాణం కుదుటపడింది. బకెట్ అంచు పట్టుకుని నిలబడి, దూరంగా నీళ్లవైపు వేలు చూపించారు. ఎవరో కింది నుంచి ఫొటో తీశారు. మర్నాడు పేపర్లో వచ్చింది. 'ప్రాణాలకు తెగించి జేసీబీలో వరద పరిశీలన'.

మూడు రోజులకి నీళ్లు తీశాయి. బస్తీలో గుడిసెలు బురదయ్యాయి కానీ మనుషులందరూ బడిలో క్షేమంగా ఉన్నారు. నాలుగో రోజు మంత్రి గారు, పెద్ద ఆఫీసర్లు ఎల్బీనగర్ మండలి ఆఫీసుకి సమీక్షకి వచ్చారు. నేను ఫ్లెక్సీ కడుతూ అక్కడే ఉన్నాను.

"రెడ్ జోన్‌లో నష్టం ఎంత?" అడిగారు మంత్రి గారు.

"సున్నా సార్," అన్నారు హనుమాండ్లు గారు. "రెడ్ జోన్‌ల ఒక్క ఇంట్లకు గూడ సుక్క నీరు రాలేదు."

అది అక్షరాలా నిజం. అందరూ చప్పట్లు కొట్టారు. కళ్లద్దాల ఆఫీసర్ ఒకాయన మాత్రం కాగితాలు తిరగేస్తున్నాడు.

"తెలుపులో ఉన్న బస్తీ మాత్రం ఆరడుగులు మునిగింది. అక్కడ కూడా ఒక్క ప్రాణం పోలేదు. అదెలా జరిగింది?"

చప్పట్లు ఆగాయి. హనుమాండ్లు గారు జ్యోతికవైపు తిరిగారు.

"ఏం చేసినవమ్మా?"

"మ్యాపు చూపించిన సార్."

"ఏ మ్యాపు?"

"మొదటిది."

ఇరవై రెండేళ్ల రాజకీయానుభవం ఎందుకు పనికొస్తుందో నేను ఆ తర్వాతి మూడు సెకన్లలో చూశాను. ఆయన మెల్లగా లేచారు.

"సార్, మా మండలిల రెండు మ్యాపులుంటయ్. ఒకటి జనం కోసం. ఇంకోటి నీళ్ల కోసం."

మంత్రి గారు నోట్ చేసుకున్నారు. "టూ మ్యాప్ మోడల్! ఎక్సలెంట్!" అన్నారు.

వారంలో ఉత్తర్వులొచ్చాయి. ఇకనుంచి ప్రతి నదికీ రెండు మ్యాపులు తయారుచెయ్యాలి. హనుమాండ్లు గారు రాష్ట్రస్థాయి చైర్మన్ అయ్యారు. జ్యోతికకి ఒక కవరొచ్చింది. అందులో రెండు కాగితాలున్నాయి. ఒకటి ప్రాణాలు కాపాడినందుకు ప్రశంసాపత్రం, రెండోది నీళ్ల మ్యాపుని జనానికి చూపించినందుకు మెమో. అది పట్టుకుని మా షాపుకొచ్చి స్టూలు మీద కూర్చుని కడుపుబ్బ నవ్వింది. ఆ పిల్ల అంతగా నవ్వడం నేను మొదటిసారి చూశాను.

"దేనికి జవాబు రాసినవమ్మా?"

"రెంటికీ ఒకటే రాసినన్నా. 'అందినది' అని."

నాకు పెద్ద ఆర్డరొచ్చింది. జనం మ్యాపు పదివేల కాపీలు, ఈసారి మంత్రి గారి ఫొటోతో. నీళ్ల మ్యాపు ఒక్క కాపీ, బీరువాలో పెట్టడానికి. రహస్యం, ఎవరికీ చూపించొద్దు అని హనుమాండ్లు గారు స్వయంగా ఫోన్ చేసి చెప్పారు.

రహస్యాలు దిల్‌సుఖ్‌నగర్‌లో ఎంతసేపుంటాయో పాఠకులకి తెలుసు. ఆ ఒక్క కాపీ మిషన్లోంచి బయటికి వస్తుండగానే పెంటమ్మ తోటకూర గంప దించి నిలబడింది. "బడి గోడకు అంటువెట్టుకుంటం బిడ్డా, ఒకటి తియ్యి," అంది. తీశాను. మధ్యాహ్నం వెంకట్రావు గారు గొడుగు అడ్డం పెట్టుకుని వచ్చారు. "మా అసోసియేషన్‌కి కాదండోయ్. మా ఇంటివరకే," అన్నారు. తీశాను. మురళీకృష్ణ వచ్చి, గుట్టకి నిజంగా నీళ్లు రావా అని రెండుసార్లు అడిగి, కొంచెం నిరాశగా ఒకటి పట్టుకెళ్లాడు. సాయంత్రానికి మా సందులోంచి మెట్రో మెట్ల దాకా లైను కట్టారు.

ఆ లైను పక్కన ఒక తెల్లకారు ఆగింది. దిగినావిడ హనుమాండ్లు గారి భార్య లలితమ్మ గారు. లైన్లో ఉన్నవాళ్లు దారిచ్చారు.

"తమ్మీ, మాకొక మ్యాపు తియ్యి."

"జనం మ్యాపేనా అక్కా? సారు ఫొటో మస్తుగ వచ్చింది."

"అది ఇంట్ల ఉంది, గోడకు. నాకు నీళ్లది గావాలె. ఇల్లు కట్టుకుందామని ప్లాట్ చూస్తున్నం."

నేను నీళ్లు నమిలాను. "అది రహస్యం అక్కా. సారుకు తెలుస్తే బాగుండదు."

లలితమ్మ గారు వెనక్కి తిరిగి కారువైపు చూశారు. నేనూ చూశాను. వెనక సీట్లో హనుమాండ్లు గారు అటువైపు తిరిగి కూర్చుని, మెట్రో పిల్లర్‌ని ఎంతో శ్రద్ధగా పరిశీలిస్తున్నారు.

"జర పెద్దగ తియ్యి తమ్మీ," అన్నారావిడ. "ఎరుపు ఎక్కడిదాక ఉందో సారుకు సాఫ్‌గ కనపడాలె."